మరక కోసం చూసిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారన్న కబురు నాకు మార్కెట్ యార్డులో తెలిసింది. పత్తి కుప్పల మధ్య నిలబడి చిప్పగిరి వైపు రైతుతో తేమ గురించి వాదిస్తున్నాను. ఫోను మోగింది. విన్నాను. నా ముఖం చూసి ఆయన వాదన ఆపేసి, ఎవరని అడిగాడు. చెప్పాను.

"పండ్ల డాక్టరమ్మనా? అయ్యో దేవుడా! మా ఇంటామె పండు పీకింది ఆయమ్మేనప్పా. నొప్పే తెలీలేదంట" అని తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత ఆయనే, "నువ్వు పో అన్నా. పత్తి యాడికి పోతాది" అన్నాడు.

ఆదోనిలో ఉండేవాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. ఎమ్మిగనూరులో నేతపని చేసే వీధులవాళ్లకూ అంతే. వారంలో ఒకరోజు, గురువారం, ఆమె అక్కడ ఒక చిన్న గదిలో కూర్చునేవారు. తక్కిన రోజుల్లో ఆదోనిలోనే, మెట్లెక్కి పోవాల్సిన ఆసుపత్రి. తుగ్గలి నుంచీ సి.బెళగల్ నుంచీ దవడ పట్టుకుని వచ్చినవాళ్లు ఆ మెట్ల మీద వరసగా కూర్చునేవారు. మిగతా పాఠకులకు చెప్పాల్సింది ఒక్కటే. మా అక్క ఇవాళ బతికి ఉందంటే అందులో ఈమె చేయి ఉంది. గుండె ఆపరేషన్ చేసింది వేరే డాక్టరు, అది నిజమే. కానీ ఆ గుండెదాకా పోనిచ్చింది మా డాక్టరమ్మ.

ఆమె మాట మెత్తన, పట్టు గట్టి. కుర్చీలో కూర్చున్న ప్రతివాడి చేతికీ ముందు ఒక అద్దం ఇచ్చేవారు. "నీ నోరు నువ్వే చూసుకోవాల. నేను ఆర్నెల్లకొకసారి చూస్తా, నువ్వు దినామూ చూస్తావు" అనేవారు. పొగాకు పొడితో పండ్లు తోముకునే ముసలమ్మలను తిట్టకుండా, అద్దం వాళ్ల చేతిలోనే ఉంచి చిగుళ్లు చూపించేవారు. వేపపుల్ల మంచిదా అని ఒకరు, మిస్వాక్ పుల్ల మంచిదా అని ఒకరు అడిగేవారు. వేపపుల్ల మా పక్షమని హిందువులమూ, మిస్వాక్ తమ పక్షమని ముస్లింలూ, ఎవరికివారు ఆమె తీర్పు కోసం ఎదురుచూసేవాళ్లం. "రెండూ మంచివే. రెండిట్లోనూ క్రిములను అణిచే గుణముంది. రెండూ పంటి సందులోకి పోవు. ఆడికి పోయేది బ్రష్షూ దారమూ" అని తగవు తీర్చేసేవారు. ఎవరూ గెలిచేవారు కాదు.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ బిళ్లలు మింగి వచ్చినవాళ్లను చూస్తే మాత్రం ఆమెకు కోపం వచ్చేది. "రెండు బిళ్లలేసుకుని నొప్పి పోగానే ఆపేస్తారు. చచ్చేవి చస్తాయి, మొండివి మిగుల్తాయి. ఆ మిగిలినవే మళ్లా పెరుగుతాయి. ఇంక వాటికి ఏ బిళ్ల ఇయ్యాల నేను?" అనేవారు. రంజాన్ నెలలో ఆమె దగ్గరికి వచ్చేవాళ్లకు ఇంకో దిగులు ఉండేది, మందుతో పుక్కిలిస్తే రోజా ఉపవాసం ఏమవుతుందోనని. ఆమె దానికీ వేళ చెప్పేవారు. పొద్దుగూకి ఇఫ్తార్ అయ్యాక ఒకసారి, తెల్లవారుజామున సహరీ తిన్నాక, ఉపవాసం మొదలయ్యేలోపు ఒకసారి. మందుకు మనిషిని ఒంచడం కాదు, మనిషి దినచర్యలో మందుకు చోటు వెతకడం ఆమె పద్ధతి. అది అప్పట్లో నాకు తెలియదు. మా ఇంటికి వచ్చినప్పుడు తెలిసింది.

మా అక్కకు చిన్నతనంలో కీళ్ల జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. ఎన్నో ఏళ్లు ఏమీ తెలియలేదు. అక్క ఎమ్మిగనూరులో కాపురం చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. తర్వాత నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం, మిద్దె ఎక్కితే ఆయాసం, ఆఖరికి పడుకుంటే ఆయాసం. కర్నూలులో గుండె డాక్టరు కవాటం మార్చాలన్నారు. మేం సరేనన్నాం. అప్పుడాయన అక్కను నోరు తెరవమన్నారు. మాకు ఆశ్చర్యమేసింది. గుండెకు వస్తే నోరు చూస్తాడేందని మా అమ్మ నా చెవిలో గొణిగింది.

ఆయన చూసి తల అడ్డంగా ఊపారు. చిగుళ్లలో చీము ఉందనీ, నెత్తురు కారుతోందనీ అన్నారు. నోట్లోని క్రిములు చిగురు పుండులోంచి నెత్తురులోకి దిగుతాయనీ, దిగినవి పోయి కొత్త కవాటం మీద తిష్ఠ వేస్తే మనిషి దక్కడం కష్టమనీ చెప్పారు. నోరు బాగుపడందే కత్తి పట్టనన్నారు. ఎక్కువ ఆలస్యం చేయవద్దని కూడా ఆయనే అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుని మేం ఆదోనికి తిరిగివచ్చాం. అక్కను పుట్టింట్లోనే ఉంచుకున్నాం.

డాక్టరమ్మ గుండె డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ముందు బిళ్లలు వేయించి, బాగా చెడిపోయిన రెండు పండ్లు తీసేశారు. మిగిలినవాటికి పట్టిన గార గీకి శుభ్రం చేశారు. గులాబీ రంగు మందు సీసా ఒకటి ఇచ్చి, పొద్దునా రాత్రీ నోట్లో పోసుకుని పుక్కిలించమన్నారు. అది ఎలా పనిచేస్తుందో నాకు చెప్పారు. ఆ రోజు చెప్పింది నేను ఇప్పటికీ మా ఇంట్లో పిల్లలకు అలాగే చెబుతాను.

"మీది పత్తి వ్యాపారం గదా అన్నా. బిగించి కట్టిన బేలు మీద చెంబెడు నీళ్లు పోస్తే లోపల తడుస్తాదా?"

"తడవదు. పైపైనే."

"నోట్లో క్రిములు గూడా అంతే. విడివిడిగా ఉండవు. జిగురు పూసుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, పంటి మీద పొర కట్టుకోనుంటాయి. ఎంత మంచి మందు పోసినా పైన ఉండేవే చస్తాయి. ముందు బ్రష్షుతో ఆ కట్టు విప్పాల. అప్పుడు మందు పోయి క్రిమి తోలుకు అతుక్కుంటాది. తోలు చిల్లి పడి లోపలుండేదంతా కారిపోతాది. అంతే, దాని పని అయిపోయినట్లే."

ఆ మందుకు ఇంకో గుణం ఉందన్నారు. ఉమ్మేసినా కొంత పంటికీ చిగురుకూ అంటుకుని ఉండిపోతుందట. గంటల తరబడి మెల్లమెల్లగా ఊరుతూ కాపలా కాస్తుందట. అక్క వైపు తిరిగి, "మందు పని మందు చేస్తాదమ్మా. దాన్ని చెయ్యనిస్తే చాలు" అన్నారు. అక్క తల ఊపింది. జాగ్రత్తలు రాసిన కాగితం ఇచ్చారు, నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను. అమ్మా అక్కా నేనూ బుద్ధిగా ఇంటికి వచ్చాం.

అక్క మందు ఒక్క పూట కూడా మానలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మ దగ్గరుండి పోయించేది. అయినా చిగుళ్ల నెత్తురు ఆగలేదు. మళ్లీ చూపించుకోవడానికి పోతే డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. అక్కకు ఆ మెట్లెక్కడానికే మధ్యలో రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది. నేను కింద నుంచి పైదాకా ఆమె మోచేయి పట్టుకునే ఉన్నాను. లోపల భయం నన్ను తినేస్తోంది. నాకు భయం వేస్తే అది కోపంగా బయటికి వస్తుంది, మా ఇంటివాళ్లను అడగండి.

డాక్టరమ్మ లైటు అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు చూశారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు.

"మీ ఇంట్లో టీ తాగరా?"

"టీ తాగకుండా ఎట్లుంటాం డాక్టరమ్మా" అంది అమ్మ. "పొద్దున లేసినకాడ్నుంచీ టీనే."

"పప్పులో ఉప్పు సరిగ్గా తెలుస్తాందా నీకు?" అని అక్కను అడిగారు.

"బాగా తెలుస్తాంది."

"మరి మరక ఏదీ?"

నాకు ఒళ్లు మండింది. "డాక్టరమ్మా, మేం నెత్తురు ఆగలేదని వస్తే మీరు మరక లేదంటారేంది? మరక లేకుంటే మంచిదే గదా?" అని కొంచెం గట్టిగానే అన్నాను. మెట్ల మీద కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

ఆమె నొచ్చుకోలేదు. "కూర్చో అన్నా. ఈ మందు పంటికి పట్టుకుంటే, టీ రంగు దానికి పట్టుకుంటాది. సన్నగా కావి రంగు తేలాల. నాలిక్కి ఉప్పు మందగించాల. అందరూ నా దగ్గరికొచ్చి మరక పడిందని ఏడుస్తారు. మీ అక్క పండ్లు పాలలాగుండాయి. మందు నోట్లోకి పోతాంది, కానీ నిలవడం ల్యా. యాడ పోతాందో చూడాల" అన్నారు. కాసేపు ఆలోచించి, "రేపు పొద్దున మీ ఇంటికొస్తా" అన్నారు.

పండ్ల డాక్టరు ఇంటికి రావడం నేను ఎక్కడా వినలేదు. నిజంగానే వచ్చారు. తెల్లని ఓణీ తల మీద సర్దుకుంటూ, పెరట్లో మేం ముఖాలు కడుక్కునే బచ్చలి దగ్గర బట్టలుతికే రాయి మీద కూర్చున్నారు. అమ్మ పీట వేస్తానంటే వద్దన్నారు. "నేనుండానని అనుకోవద్దు. దినామూ ఎట్ల చేస్తారో అట్లే చెయ్యండి" అన్నారు.

అక్క పండ్లు తోముకుంది. నురగ ఉమ్మి, నోరు కడుక్కుని, వెంటనే మూతలో మందు పోసుకుని పుక్కిలించింది. బుగ్గలు ఉబ్బించి, కళ్లు మూసుకుని, లోపల లెక్కపెట్టుకుంటూ ఎంతో నిష్ఠగా చేసింది. ఉమ్మేసింది. ఆ పక్కనే మా అమ్మ నీళ్ల చెంబు పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. అక్క చెంబు అందుకుని నోటి నిండా నీళ్లు పోసుకుని శుభ్రంగా కడిగేసుకుంది. ఒకసారి కాదు, నోట్లో మందు చేదు పోయేదాకా. అదంతా అయ్యాక ముఖం తుడుచుకుని దేవుడి గది వైపు నడిచింది.

డాక్టరమ్మ రాయి మీద నుంచి లేచారు. నేను తల పట్టుకున్నాను. మందు ఉమ్మాక నీళ్లతో కడగకూడదన్న సంగతి కాగితంలో ఉండే ఉంటుంది. కానీ మా ఇంట్లో నోట్లో ఏది పడినా నీళ్లతో పుక్కిలించకుండా ఉండడమన్నది లేదు. మందైనా సరే, పడిందంటే నోరు ఎంగిలి. ఎంగిలి నోటితో దీపం ముట్టించరు. దాని గురించి ఆలోచించాలని కూడా మాకెవరికీ తోచలేదు. కాలికి చెప్పులేసుకుని దేవుడి గదిలోకి పోకూడదని ఎవరైనా కాగితం చూసి తెలుసుకుంటారా?

అమ్మకు విషయం అర్థమై ముఖం వాడిపోయింది. "నేనే చెంబిచ్చినా గదమ్మా. నా చేత్తో నేనే..." అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "మందేసిన నోరు కడక్కుండా దేవుని ముందర ఎట్ల నిలబడతాదనుకున్నా."

డాక్టరమ్మ ఆమె చేతిలోని చెంబు తీసుకుని రాతి మీద పెట్టారు. "అమ్మా, మా అమ్మ గూడా ఇదే చేసింది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుంటే మేమూ నోరు పుక్కిలించాల. మందు పోసుకుని, ఆ వెంటనే వుజూ చేసి, మందంతా నీళ్లలో పారబోసింది. మా ఇంట్లోనే, నా కళ్లముందరే. నాకు కనిపెట్టడానికి ఎన్నాళ్లు పట్టిందో! అందుకే మీ ఇంటికొచ్చినా" అన్నారు.

అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న పైట దించి, ఇంక ఏం చెయ్యాలని డాక్టరమ్మను అడిగింది.

"దేవుని పని ముందే కానియ్యండి. పండ్లు తోముకోనీ, స్నానం కానీ, పూజ కానీ. అంతా అయినాక మందు. పేస్టు నురగకూ ఈ మందుకూ పొత్తు కుదరదు, నురగ దీన్ని చెడగొడతాది. మధ్యలో పూజ వస్తే ఆ ఎడం గూడా తీరిపాయె. మందు ఉమ్మినాక అరగంట నీళ్లు వద్దు, టీ వద్దు, మాట గూడా తగ్గించు. రాత్రికీ అంతే, అన్నం తిని, పండ్లు తోమి, కాసేపాగి మందు, ఆ తర్వాత పడక."

అంతే. దేవుడినీ కదిలించలేదు, మా అమ్మ ఆచారాన్నీ కదిలించలేదు. వరస ఒక్కటి మార్చి పోయారు. ఆ రోజు నుంచి అక్క పూజ ముగించుకుని, మందు పుక్కిలించి, వీధి గుమ్మం మెట్టు మీద మూతి బిగించుకుని కూర్చునేది. అమ్మ పక్కనే కూర్చునేది. కూరగాయల బండివాడు ఏం కావాలని అడిగినా అక్క చేతితోనే జవాబు చెప్పేది. పాపం, అమ్మ కూడా కూతురికి తోడుగా నోరు మూసుకునేది. మా అమ్మను ఎరిగినవాళ్లకు అది ఎంత పెద్ద త్యాగమో తెలుస్తుంది.

ఒకరోజు పొద్దున అమ్మ కేక వినబడి పరుగెత్తుకుని పోయాను. అమ్మ అక్క కింది పెదవి పట్టుకుని ఎండలోకి తిప్పి చూస్తోంది. "వచ్చిందిరా! మరక వచ్చింది!" అని పండగ చేసుకుంటోంది. కింది పండ్ల మొదట్లో సన్నని కావి గీత. కూతురి పండ్లు పాడయ్యాయని అంత సంతోషపడిన తల్లిని నేను ఇంకెక్కడా చూడలేదు. అక్క కూడా, "పప్పులో ఉప్పేసినావా లేదామ్మా?" అని అడిగి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది. ఆ తర్వాత నెత్తురు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. చిగుళ్లు గట్టిపడ్డాయి. కర్నూలు డాక్టరు నోరు చూసి సరేనన్నారు. ఆపరేషన్ జరిగింది. అక్క ఇంటికి నడిచి వచ్చింది.

కోలుకున్నాక గుండె డాక్టరు అనుమతి తీసుకుని, ముందు వేసుకోవాల్సిన బిళ్ల వేయించి, డాక్టరమ్మే ఆ మరకను తీసేశారు. మందు సీసా వెనక్కి తీసుకున్నారు. అక్కకు దాని మీద నమ్మకం పెరిగి వదలనంది. "వద్దమ్మా. ఇది మందు, అలవాటు కాదు. నోట్లో మంచి క్రిములు గూడా ఉంటాయి, వాటినీ చంపుకుంటే ఎట్ల? ఇంక బ్రష్షు చాలు. ఫ్లోరైడు ఉండే పేస్టు చాలు, అది పంటిని గట్టి చేస్తాది, క్రిమి పులుపును ఊరనియ్యదు" అని ఒప్పించారు. ఇచ్చిన మందును తిరిగి తీసుకునే డాక్టరును మా అమ్మ అప్పుడే చూసిందట. ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

డాక్టరమ్మకు జబ్బు చేసిందని గురువారాలు ఎమ్మిగనూరుకు రావడం మానేసినప్పుడు తెలిసింది. క్యాన్సర్. మందులు ఎక్కించేకొద్దీ నోరంతా పుండ్లు లేచాయి. అక్క చూడాలని పట్టుబడితే తీసుకుపోయాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. అంతకుముందే మందు పుక్కిలించినట్టున్నారు, మమ్మల్ని చూసి నవ్వి, పెదవుల మీద వేలు పెట్టి చూపించారు. అక్కకు అర్థమైంది. మంచం పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. నేను కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాను, నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి ఆమే గొంతు సవరించుకున్నారు. "అరగంట అరగంట అని అందరికీ చెప్పినా. ఎంత పొడుగుంటాదో ఇప్పుడు తెలిసింది" అన్నారు. తర్వాత అక్కను దగ్గరికి రమ్మని, నోరు తెరవమని సైగ చేశారు. ఫోను లైటు వేసి చూశారు. "బాగుంది. ఇట్లే కాపాడుకో. నేను లేకున్నా ఎవరి దగ్గరికి పోయినా, పండు ముట్టకముందే నీ గుండె సంగతి చెప్పు. మర్చిపోవద్దు" అన్నారు. తన నోటి నిండా పుండ్లు పెట్టుకుని ఆమె చూసిన చివరి నోరు మా అక్కదేనేమో, నాకు తెలియదు. అలా అనుకోవడం నాకు ఇష్టం.

డాక్టరమ్మ పోయిన కబురు విని మొన్న ఎమ్మిగనూరు నుంచి అక్క వచ్చింది. ముగ్గురం పోయి చూసి వచ్చాం. డాక్టరమ్మ చెల్లెలు ఆమె ముఖం మీది గుడ్డ తొలగించి అక్కకు చూపించింది. అమ్మ లోపలి గదిలో ఆడవాళ్లతో పాటు గోడకు ఆనుకుని కూర్చుంది. జనాజా లేచి వీధి మలుపు దాటేదాకా నేను వెంట నడిచాను, ఆ తర్వాత ఖబరస్తాన్ దాకా కూడా. ఎమ్మిగనూరు నేతవాళ్లు, మండీ హమాలీలు, ఆ మెట్ల మీద ఎప్పుడో ఒకప్పుడు దవడ పట్టుకుని కూర్చున్న వాళ్లందరూ ఉన్నారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ముందే చేరి స్నానం చేసి, గుమ్మం బయట చెంబుతో నీళ్లు పెట్టింది. చావింటికి పోయివస్తే కాళ్లు కడుక్కుని, నోరు పుక్కిలించి గానీ లోపలికి రాకూడదు. నేను కడుక్కున్నాను. అక్క కాళ్ల మీద నీళ్లు పోసుకుంది. కళ్లు తడుపుకుంది. అమ్మ అలవాటుగా, "నోరు..." అని ఆగిపోయింది. అక్క చెంబును మెట్టు మీద పెట్టి, దాని పక్కనే, ఒకప్పుడు కూర్చున్నచోటే, పెదవులు బిగించుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె ఏ మందూ పోసుకోలేదు.

అమ్మ లోపలికి రమ్మనలేదు. వచ్చి అక్క పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కూరగాయల బండి వచ్చింది, మమ్మల్ని చూసి ఏమీ అడగకుండానే పోయింది. చెంబులో సగం నీళ్లు అలాగే ఉన్నాయి. అరగంట దాకా మాలో ఎవరూ నోరు తెరవలేదు.